ఖురాన్ పెన్నా, స్పీకరా, ఫోనా, ట్యాబా: ఇంట్లో ఎవరికి ఏది కొనాలి?

ఖురాన్ చదవడానికి కొనబోయే పరికరం ఏదైనా సరే, ముందు సూరా ఫాతిహా తెరిచి ‘అల్‌హమ్దు’లోని మొట్టమొదటి అలిఫ్‌ను దగ్గరగా చూడండి. దాని నెత్తిన జబర్ గీత (‘అ’ పలికించే గుర్తు) ఉంటే అది మన ఖత్, అంటే మన మక్తబ్‌లలో (ఖురాన్ బడుల్లో) నేర్పే భారత ఉపఖండపు రాత. గీత బదులు స్వాద్ అక్షరం తలకాయలాంటి బుల్లి గుర్తు ఉంటే అది మదీనా ముస్హఫ్ (ఖురాన్ ప్రతి) రాత. ఇంకాస్త కిందికి వచ్చి ‘మాలికి యౌమిద్దీన్’ దగ్గర ఆగండి. మన ప్రతుల్లో మీమ్ మీద ఒక్క ఖడా జబరే, అంటే నిలువు గీతే ఉంటుంది. మదీనా ప్రతిలో మీమ్‌కు మామూలు జబర్ కూడా ఉండి, పక్కన చిన్న అలిఫ్ నిలబడి ఉంటుంది.

రెండూ ఒకే ఖురాన్, ఒకే ఖిరాఅత్ (పఠన పద్ధతి). మాటలో తేడా లేదు, తేడా అంతా రాతలోనే. కానీ శ్రీకాకుళంలోనో బొబ్బిలిలోనో మక్తబ్‌లో నూరానీ ఖాయిదా (అరబీ అక్షరాల తొలి పుస్తకం) చదివి నాజిరా (చూసి చదివే ఖురాన్ చదువు) పూర్తిచేసిన మనిషి చేతికి మదీనా రాత ఇస్తే చదువు సగానికి సగం నెమ్మదిస్తుంది. ఇద్గామ్ (ఒక అక్షరం పక్కదాంట్లో కలిసిపోవడం) వచ్చే చోట నూన్ మీద జజ్మ్ (అచ్చు లేదనే గుర్తు) కనిపించదు. తన్వీన్ (మాట చివర ‘న్’ పలికించే జంట గుర్తు) ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉంటుంది. వక్ఫ్ (చదువుతూ ఆగే చోటు) గుర్తుల్లో ‘తో’, ‘జే’ ఉండవు. రుకూ (కొన్ని ఆయత్ వాక్యాలు కలిసిన భాగం) చివర అంచులో కనిపించే ‘ఐన్’ అసలే ఉండదు. మన ప్రతుల్లో ఆ ఐన్‌కు మూడు అంకెలు వేస్తారు: పైన సూరాలో అది ఎన్నో రుకూ, మధ్యలో అందులో ఎన్ని ఆయత్‌లు, కింద పారాలో (ఖురాన్ ముప్ఫై భాగాల్లో ఒకదానిలో) ఎన్నో రుకూ. రోజుకో రుకూ లెక్కన చదివే పెద్దవాళ్లకు ఆ ఐనే మైలురాయి. మదీనా ప్రతిలో లెక్క వేరు, 30 జుజ్‌లను (పారాలను) 60 హిజ్బ్‌లుగా, వాటిని మళ్లీ పావులుగా విడగొడతారు.

అరబ్బు మార్కెట్ కోసం తయారైన పరికరాల్లో ఎక్కువగా ఉండేది మదీనా రాతే. పెట్టె మీద ఎన్ని జీబీలు, ఎంతమంది ఖారీలు (ఖురాన్ చదివి వినిపించేవాళ్లు), ఎన్ని భాషలు అని పెద్దపెద్ద అంకెలు వేస్తారు. ఖత్ ఏదో మాత్రం రాయరు. కొని ఇంటికి తెచ్చాక మూలన పడేసిన పరికరాల్లో చాలావాటికి అసలు జబ్బు ఇదే. అందుకే ఈ ఎంపికలో మొదటి ప్రశ్న ఏ పరికరం అని కాదు. చదివేది ఎవరు, వాళ్లు ఏ ప్రతి మీద చదవడం నేర్చుకున్నారు అన్నది.

ఈ రెండు రాతలు యంత్రాల్లోకి ఎలా వచ్చాయి

1924లో కైరోలో అచ్చయిన ప్రతి అరబ్బు దేశాల్లో ఒక ప్రమాణంగా నిలిచింది. 1984లో మదీనాలో కింగ్ ఫహద్ ముద్రణాలయం మొదలయ్యాక, ఉస్మాన్ తాహా చేతిరాతతో 604 పేజీల, పేజీకి 15 వరుసల ముస్హఫ్ ప్రపంచమంతా పాకింది. కంప్యూటర్‌లో ఖురాన్ ప్రయత్నాలు కూడా 1980లలోనే మొదలయ్యాయి, కువైట్‌కు చెందిన సఖర్ సంస్థ వాటిలో ముందుంది. ధ్వని అంతకన్నా పాతది. షేఖ్ మహ్మూద్ ఖలీల్ అల్‌హుసరీ గొంతుతో మొత్తం ఖురాన్ 1961లో రికార్డయింది, 1964లో కైరోలో ఖురాన్‌కే ప్రత్యేకంగా రేడియో స్టేషన్ పెట్టారు. ఇప్పుడు మీరు కొనే చాలా స్పీకర్లలో, పెన్నుల్లో వినిపించే గొంతుల్లో హుసరీ గారిది ఒకటి.

తెర మీద అక్షరాలు చూపడం మాత్రం చాలాకాలం తలనొప్పిగానే ఉండిపోయింది. యూనికోడ్‌లో (కంప్యూటర్ అక్షరాల ఉమ్మడి పట్టికలో) అరబీ అక్షరాలు ఉన్నా, ఖురాన్‌కే ప్రత్యేకమైన చిన్న గుర్తులన్నీ ఒక్కసారిగా రాలేదు, కొన్ని తన్వీన్ రూపాలు 2012లో గానీ చేరలేదు. ఎవరికి తోచినట్టు వాళ్లు టైపు చేసిన పాఠాలు ఇంటర్నెట్‌లో తప్పులతో తిరుగుతుంటే, 2007లో తన్జీల్ ప్రాజెక్టు అక్షరమక్షరం సరిచూసిన పాఠాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చింది. అచ్చు ప్రతిలో ఏ పదం ఎక్కడుందో తెర మీదా అక్కడే ఉండాలని మదీనా ముస్హఫ్‌కు పేజీకో ఫాంట్ చొప్పున 604 ఫాంట్లు తయారుచేశారు, ఆ ఫాంట్లలో ఒక్కో పదం ఒక్కో బొమ్మ. మంచి యాప్‌లో అక్షరం చెదరకపోవడానికి కారణం అంత శ్రమ. నాసిరకం యాప్‌లో జేర్, జబర్‌లు పక్కకు జరిగి, మధ్యమధ్యలో చుక్కల గుండ్రాలు కనిపిస్తే ఆ ఫాంట్‌కు ఆ గుర్తు తెలియదని అర్థం. అలాంటిది వెంటనే తీసేయండి. ఫోన్‌లో సరదాకి మార్చుకున్న స్టైల్ ఫాంట్ వల్ల కూడా ఒక్కోసారి ఇలా జరుగుతుంది, కాబట్టి ముందు ఫోన్ ఫాంట్‌ను మామూలుకు మార్చి చూడండి.

ఖురాన్ పెన్ను: పిల్లలకి, కొత్తగా నేర్చుకునేవాళ్లకి

పెన్ను సెట్టులో ఒక అచ్చు ఖురాన్, ఒక లావుపాటి పెన్ను, సాధారణంగా ఒక నూరానీ ఖాయిదా, చార్జింగ్ తీగ ఉంటాయి. పెన్ను మొనను ఆయత్ మీద పెడితే ఆ ఆయత్ వినిపిస్తుంది. కొన్ని సెట్లలో పదం మీద పెడితే పదం ఒక్కటే పలుకుతుంది.

ఇది అరబీ అక్షరాలను చదవదు. కాగితం మీద కంటికి ఆనని సన్నని చుక్కలు అచ్చువేసి ఉంటాయి, పెన్ను మొనలోని ఇన్‌ఫ్రారెడ్ కాంతి ఆ చుక్కల అమరికను చూసి, దానికి కేటాయించిన నంబరు ఆడియోను వినిపిస్తుంది. ఈ సంగతి తెలిస్తే పెన్నుతో వచ్చే ఇబ్బందుల్లో సగం ముందే తప్పుతాయి. దాదీ గారి పాత ముస్హఫ్ మీద ఈ పెన్ను పనిచేయదు, ఒక కంపెనీ పెన్ను ఇంకో కంపెనీ పుస్తకం మీద సాధారణంగా పనిచేయదు. చిరిగిన పేజీని జిరాక్స్ తీసి అతికిస్తే అక్కడ పెన్ను మూగబోతుంది, ఎందుకంటే జిరాక్స్ యంత్రం ఆ చుక్కలను పట్టుకోలేదు. పేజీకి లామినేషన్ చేయిస్తే మెరుపు వల్ల మొన తడబడుతుంది.

అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు ఇంకోటి. మక్తబ్‌లో ఉస్తాద్ గారు ఏ రోజు సబక్ (పాఠం) ఎక్కడిదాకా అని అంచులో పెన్సిల్‌తో గీత పెడతారు. పెన్సిల్ ముక్కులో ఉండేది గ్రాఫైట్, అంటే కార్బన్. కార్బన్ ఇన్‌ఫ్రారెడ్ కాంతిని మింగేస్తుంది. చుక్కలు కూడా ఆ కారణంగానే కార్బన్ ఉన్న నల్ల సిరాతో వేస్తారు, మిగతా అక్షరాలు కార్బన్ లేని సిరాతో అచ్చవుతాయి. అలాంటి పేజీ మీద పెన్సిల్ గీత లాగితే చుక్కలు గీతలో కలిసిపోయి ఆ ఆయత్ పలకదు. రబ్బరుతో గట్టిగా తుడిస్తే చుక్కలు కూడా పోతాయి. అందుకని సబక్ గుర్తుకు పేజీ చివర చిన్న అట్టముక్క పెట్టుకోండి, గీతలు వద్దు.

కొనేటప్పుడు దుకాణంలోనే ఇలా పరీక్షించండి. మొదటి పేజీలో ఆన్ చేసే గుర్తును తాకించి ఫాతిహా వినండి. తర్వాత సూరా తౌబా మొదటి ఆయత్‌కు వెళ్లండి. 114 సూరాల్లో మొదట బిస్మిల్లాహ్ లేనిది ఇదొక్కటే. అక్కడ బిస్మిల్లాహ్ వినిపించిందంటే ఆడియో ముక్కలను ఎవరూ సరిచూడలేదన్నమాట, ఆ సెట్టు వద్దు. ఆ తర్వాత బఖరా 282వ ఆయత్, అది ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైనది, చివరిదాకా తెగకుండా వస్తుందా వినండి. కహఫ్ మొదట్లో, యాసీన్ 52వ ఆయత్‌లో సక్తా ఉంది, ఖారీ అక్కడ ఊపిరి వదలకుండా చిన్నగా ఆగాలి. ఆఖర్న సూరా నాస్. మధ్యలో నాలుగైదు పేజీల మూలలు కూడా తాకించి చూడండి, అచ్చులో లోపం ఉంటే అంచుల్లోనే బయటపడుతుంది. ఖారీని మార్చే గుర్తు, తర్జుమా (అనువాదం) గుర్తు రెండూ నొక్కాలి. తర్జుమా భాషల జాబితాలో తెలుగు ఉందని పెట్టె మీద రాసి ఉన్నా నమ్మొద్దు, చెవితో వింటేనే ఉన్నట్టు.

పెన్ను చార్జింగ్‌కు 5 వోల్టులు, 1 ఆంపియర్ పాత ఫోన్ చార్జర్ చాలు. చాలా పెన్నుల్లో బ్యాటరీ చిన్నది, రక్షణ సర్క్యూట్ నాసిరకంగా ఉంటే కొత్త ఫోన్ల ఫాస్ట్ చార్జర్లతో వేడెక్కి ఉబ్బుతుంది. కంప్యూటర్‌కు తగిలిస్తే పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తుంది. కొన్న రోజునే అందులోని ఫైళ్లన్నీ వేరే చోట కాపీ చేసి ఉంచండి. వైరస్ వచ్చిందని ఫార్మాట్ చేస్తే పెన్ను బతికే ఉంటుంది గానీ పలకడానికి దానిలో ఏమీ మిగలదు, ఆ ఫైళ్లు మళ్లీ దొరకడం కష్టం. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వీటికి సర్వీస్ సెంటర్లు ఉన్నాయనుకోవద్దు. విశాఖలోనో హైదరాబాద్ చార్మినార్ దగ్గరో కొంటే, ఆ దుకాణం ఫోన్ నంబరు బిల్లు మీద రాయించుకోండి. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే పార్సిల్ విప్పడం నుంచి తౌబా పరీక్ష దాకా వీడియో తీసి ఉంచితే వాపసుకు పనికొస్తుంది.

ఇంకో రెండు మాటలు. పెన్నుతో వచ్చే పుస్తకం పూర్తి ముస్హఫ్. బొమ్మల పుస్తకంలా పిల్లల చేతికిచ్చి వదిలేయకూడదు. వజూ (నీళ్లతో శుద్ధి), రెహల్ (పుస్తకం పెట్టే పీట), జుజ్దాన్ (చుట్టే గుడ్డ) అన్నీ దానికీ వర్తిస్తాయి. కొన్ని సెట్ల పుస్తకం చాలా పెద్దది, ఇంట్లో ఉన్న రెహల్ మీద కూర్చోదు, కొలత అడిగి తీసుకోండి. రెండోది, పెన్ను పలుకుతుంది గానీ వినదు. పిల్లాడు హా బదులు హే పలికినా, ఐన్ బదులు అలిఫ్ పలికినా దానికి తెలియదు. అది ఉస్తాద్ దగ్గర నేర్చుకున్న సబక్‌ను ఇంట్లో పదిసార్లు వల్లెవేయడానికి. మక్తబ్ మాన్పించి పెన్ను కొనిచ్చే ఆలోచన ఉంటే కొనకపోవడమే మేలు.

తెలుగు లిపిలో అరబీ చూపే యాప్‌లు వద్దు

తెలుగు మీడియం చదువుల వల్ల మన పిల్లలు, కోడళ్లు చాలామంది అరబీ కన్నా తెలుగు తొందరగా చదువుతారు. దాంతో ఆయత్‌ను తెలుగు అక్షరాల్లో రాసి చూపే యాప్‌ల మీద మనసు పోతుంది. ‘ఖలఖ్’ అనే ఒక్క మాట చూడండి, సృష్టించాడని అర్థం. మొదటి అక్షరం ఖే, గొంతు గరగరలాడుతూ వస్తుంది. చివరిది ఖాఫ్, నాలుక మొదలు అంగిట్లో కొట్టుకుని వస్తుంది. అరబీలో రెండూ వేర్వేరు అక్షరాలు, తెలుగులో రెండింటికీ ఒకే ఖ. సీన్, స్వాద్, సే మూడింటికీ మనకు ఉన్నది స ఒక్కటే. జే, జాల్, జ్వాద్, జో నాలుగింటికీ జ. ఇలా చదివి అలవాటైన నాలుకను తర్వాత దిద్దడం కొత్తగా నేర్పడం కన్నా కష్టం. అర్థం తెలుగులో చదవండి, తిలావత్ (ఖురాన్ పఠనం) మాత్రం అరబీ అక్షరంలోనే.

అర్థం విషయంలో మనం వెనకబడిలేము. ఖురాన్‌ను తెలుగులోకి తెచ్చే పని 1920లలోనే మొదలైంది, ఆ పని చేసిన చిలుకూరి నారాయణరావు గారు ఉత్తరాంధ్ర మనిషి. ఈరోజు ఖురాన్ డాట్ కామ్‌లోనూ ఖురాన్ ఎన్‌సైక్లోపీడియా సైట్‌లోనూ మౌలానా అబ్దుర్రహీమ్ ఇబ్న్ ముహమ్మద్ గారి తెలుగు అనువాదం ఉచితంగా దొరుకుతుంది. చదివేటప్పుడు ఒక చిన్న చిక్కు వస్తుంది. మదీనా లెక్కలో ఫాతిహాకు బిస్మిల్లాహ్ మొదటి ఆయత్. మన ప్రతుల్లో చాలావాటిలో బిస్మిల్లాహ్‌కు నంబరు వేయరు, ఏడో ఆయత్‌ను ‘అన్‌అమ్‌త అలైహిమ్’ దగ్గర రెండుగా విడగొట్టి ఏడు పూర్తిచేస్తారు. అందుకని ఫాతిహాలో అనువాదం నంబరు, పుస్తకం నంబరు ఒకటి తేడాగా కనిపిస్తే అనువాదం తప్పని అనుకోవద్దు.

ఫోన్, ట్యాబ్

ఖర్చు లేనిది ఇదే, చేతిలో ఉన్నదీ ఇదే. ఖురాన్ డాట్ కామ్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్తే ఇండోపాక్ అనే రాత ఎంచుకోవచ్చు, 15 వరుసలా 16 వరుసలా అన్నదీ అక్కడే మార్చుకోవచ్చు. ఖురాన్ ఫర్ ఆండ్రాయిడ్ అనే యాప్ ప్రకటనలు లేకుండా ముస్హఫ్ పేజీలను ఉన్నదున్నట్టు చూపిస్తుంది. ప్రకటనలు వచ్చే యాప్ ఏదైనా, ఎంత బాగున్నా వద్దనే చెబుతాం. సజ్దా ఆయత్ (చదివితే నేలకు నుదురు ఆనించాల్సిన ఆయత్) కింద ఆట ప్రకటన రావడం భరించాల్సిన విషయం కాదు.

పెట్టుకునే వరుస ఇలా ఉంటే సుఖం. ముందు రాత ఎంచుకోండి. తర్వాత పేజీలు, ఒక ఖారీ గొంతు, తెలుగు అనువాదం మొత్తం దించుకోండి. ఖారీ తాపీగా చదివే తిలావత్ 30 గంటలనుకుంటే, సెకనుకు 64 కిలోబిట్ల నాణ్యతలో దాదాపు 860 ఎంబీ, 128లో 1.7 జీబీ పడుతుంది. మాట స్పష్టతకు 64 చాలు. తర్వాత ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి ఒక కొత్త సూరా తెరిచి వినండి. అప్పుడూ పనిచేస్తే నిజంగా దిగినట్టు. సీతంపేట, పార్వతీపురం, సాలూరు వైపు కొండ ఊళ్లలో సిగ్నల్ నమ్మడానికి లేదు కాబట్టి ఈ పరీక్ష తప్పనిసరి. లొకేషన్ అనుమతి ఖురాన్ చదవడానికి అక్కర్లేదు, అది నమాజు వేళలకూ ఖిబ్లాకూ (నమాజు దిశకూ) మాత్రమే. 2020లో ప్రపంచమంతా వాడే ఒక నమాజు యాప్ నుంచి వాడకందార్ల లొకేషన్ వివరాలు బయటి సంస్థకు చేరాయని పత్రికల్లో వచ్చింది. ఊరి పేరు చేత్తో ఎంచుకునే వీలుంటే శ్రీకాకుళం అనో విజయనగరం అనో పెట్టి, లొకేషన్ ఆపేయండి.

తెర ఎంతుండాలన్నది కొలిచి చెప్పొచ్చు. చేతిలో పట్టే మామూలు ముస్హఫ్‌లో 15 వరుసలు 16 సెంటీమీటర్ల ఎత్తులో సర్దుతారనుకోండి, వరుసకు సెంటీమీటరు పైమాట. అదే పేజీ ఆరున్నర అంగుళాల ఫోన్‌లో వెడల్పు చాలక కుదించుకుపోయి వరుస 7 మిల్లీమీటర్లకు దిగుతుంది. 10 అంగుళాల ట్యాబ్‌లో 13 దాకా వస్తుంది. నలభై దాటిన కళ్లకు ఫోన్ మీద పూర్తి పేజీ చదవడం శిక్ష. వాళ్లకు ట్యాబ్ ఇవ్వండి. ఫోనే అయితే ఆయత్‌లను పెద్ద అక్షరాలతో కిందికి జరుపుకుంటూ చదివే పద్ధతి పెట్టండి.

ఆ జరుపుకునే పద్ధతి హిఫ్జ్ (ఖురాన్ కంఠస్థం) చేసే పిల్లలకు మాత్రం పనికిరాదు. హాఫిజ్‌కు ఆయత్ గుర్తొచ్చేది పేజీలో అది ఏ మూల ఉందో దాన్నిబట్టి కూడా. మన 15 వరుసల హాఫిజీ ప్రతిలో పేజీ ఆయత్‌తోనే ముగుస్తుంది, పారాకు సుమారు 20 పేజీలు. మదీనా ప్రతీ అలాంటిదే గానీ ఏ ఆయత్ ఏ పేజీలో ఎక్కడ ముగుస్తుందో అన్నిచోట్లా కలవదు. 16 వరుసలది, 13 వరుసలది పూర్తిగా వేరు. పిల్లాడు మదరసాలో ఏ ప్రతి మీద పారా పట్టాడో, ట్యాబ్‌లోనూ అదే ముద్రణ పేజీలుండాలి. అది దొరకకపోతే ట్యాబ్‌ను వినడానికే వాడి, చూడటానికి కాగితం ప్రతినే వాడించండి. ఈ ఒక్క విషయంలో రాజీ పడొద్దు.

వినడంలో వాళ్లకు కావలసింది మళ్లీమళ్లీ వినిపించే సౌకర్యం: ఒక ఆయత్ అయిదుసార్లు, తర్వాత మూడు ఆయత్‌లు కలిపి మూడుసార్లు, మధ్యలో తను చదవడానికి ఖాళీ. హుసరీ గారి ముఅల్లిమ్ (పాఠం నేర్పే తీరు) రికార్డింగ్ వేగం నేర్చుకునేవాళ్లకు సరిగ్గా సరిపోతుంది. అబ్దుల్ బాసిత్ గారి ముజవ్వద్ (రాగంతో సాగదీసే) తిలావత్ వింటే ఒళ్లు పులకరిస్తుంది, కానీ సబక్ కోసం ఆయన మురత్తల్ (సాగదీయకుండా చదివేది) పెట్టండి, ముజవ్వద్‌లో సాగదీత పిల్లలకు అందదు. తర్తీల్ లాంటి యాప్‌లు మనం చదివేది విని, వదిలేసిన పదాన్ని పట్టుకుంటాయి. దౌర్ (నేర్చినదాని పునశ్చరణ) చేసుకునే హాఫిజ్‌కు అది నిజంగా ఉపయోగం. మఖ్రజ్ (అక్షరం పలికే చోటు) దిద్దడానికి మాత్రం ఉస్తాద్ చెవే కావాలి.

ఫోన్‌ను వజూ లేకుండా తాకడంలో ఉలమాలది (మత పండితులది) ఒకే మాట కాదు. తెర మీద ఆయత్ లేనప్పుడు ఫోన్ మామూలు వస్తువేనని చాలామంది అంటారు. ఆయత్ కనిపిస్తున్నప్పుడు ఆ చోటును వజూ లేకుండా తాకొద్దని కొందరు, తెర ముస్హఫ్ కాదు కాబట్టి ఫరవాలేదని కొందరు. మీ మసీదు ఇమామ్ సాబ్ ఏం చెబితే ఇంట్లో అందరూ అదే పాటించడం మంచిది, లేకపోతే పిల్లలు తికమకపడతారు.

స్పీకర్: దాదీకి, నానీకి, చూపు తగ్గినవాళ్లకి

కళ్లు సహకరించని పెద్దవాళ్లకు, దేవుని మాట చెవిన పడితే చాలనుకునేవాళ్లకు రిమోట్ ఉన్న చిన్న ఖురాన్ స్పీకర్‌కు మించింది లేదు. దీపం కూడా వెలిగే రకాలు వస్తున్నాయి గానీ ఆ రంగురంగుల వెలుగుకు డబ్బు పెట్టొద్దు. చూడాల్సింది రిమోట్. అంకెల మీటలు పెద్దవిగా, వేలికి తగిలేలా ఉబ్బెత్తుగా ఉండాలి. సూరా నంబరు నొక్కితే నేరుగా అది రావాలి: యాసీన్‌కు 36, వాఖిఆకు 56, ముల్క్‌కు 67, జుమా రోజు కహఫ్‌కు 18. ఈ నాలుగూ ఒక అట్ట మీద పెద్దగా రాసి స్పీకర్ పక్కన అతికిస్తే ఇంకొకరిని పిలవాల్సిన పని ఉండదు.

బ్యాటరీ ఏదో అడగండి. పాత నోకియా ఫోన్లలో వచ్చిన బీఎల్-5సీ బ్యాటరీ వేసేది దొరికితే కళ్లకద్దుకుని తీసుకోండి. అది పోయినా శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గరో విజయనగరం మూడు లాంతర్ల దగ్గరో ఏదో ఒక ఫోన్ దుకాణంలో దొరుకుతుంది, మార్చడం అర నిమిషం పని. లోపల అతికించేసిన బ్యాటరీ అయితే రెండేళ్లకు స్పీకర్ మొత్తం పారేయాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు ఊళ్లకు ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి, ఉద్దానంలో ఇంకా ఎక్కువ. మన తీరానికి మార్చుకునే బ్యాటరీ విలాసం కాదు.

మెమరీ కార్డు 32 జీబీ దాటొద్దు. అంతకు మించిన కార్డులు వేరే పద్ధతిలో ఫార్మాట్ అయి వస్తాయి, ఈ చిన్న స్పీకర్లు చాలావరకు ఫ్యాట్32 కార్డులనే చదువుతాయి. పెట్టెతో వచ్చే పేరులేని కార్డు తొందరగా పాడవుతుంది, ఫైళ్లను మంచి కార్డులోకి మార్చి పాతది దాచండి. ఫైళ్ల పేర్లు మార్చొద్దు, రిమోట్ అంకె ఆ పేరును బట్టే సూరాను వెతుకుతుంది. బ్లూటూత్ ఎప్పుడూ ఆపే ఉంచండి. తిలావత్ నడుస్తుండగా పక్కింటి కుర్రాడి ఫోన్ కలిసి సినిమా పాట మొదలైతే ఆ పెద్దావిడ మనసు ఎంత నొచ్చుకుంటుందో ఆలోచించండి.

చాలా ఇళ్లలో పెద్దవాళ్లకు ఉర్దూ మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. వాళ్లకు ఉర్దూ తర్జుమా ఆడియో బాగా అందుతుంది. కాబట్టి స్పీకర్‌లో ఉర్దూ, పిల్లల ట్యాబ్‌లో తెలుగు ఉంటే ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. ఇక దుకాణంలో పొద్దుటి నుంచి రాత్రిదాకా ఎవరూ వినకుండా నడిచేలా మాత్రం పెట్టొద్దు. ఖురాన్ చదువుతున్నప్పుడు చెవి ఒగ్గి మౌనంగా వినమని సూరా ఆరాఫ్‌లో 204వ ఆయత్ ఉంది. రికార్డింగ్‌లో సజ్దా ఆయత్ విన్నందుకు సజ్దా వాజిబ్ (తప్పనిసరి) కాదని మన దగ్గరి హనఫీ ఉలమాల్లో ఎక్కువమంది చెబుతారు. స్పీకర్‌తో పాటు మీరూ నోటితో చదివితే మాత్రం సజ్దా చేయాలి.

ఈ-ఇంక్ రీడర్ ఎవరికి

రోజూ పారా చదివేవాళ్లకు, రాత్రి తహజ్జుద్ (నిద్ర లేచి చేసే నమాజు) వేళ ఫోన్ వెలుగు కళ్లకు పడనివాళ్లకు ఇది హాయి. కాగితంలా ఉంటుంది, ఒకసారి చార్జ్ చేస్తే వారాలు వస్తుంది. కానీ 6 అంగుళాలది కొనొద్దు. 15 వరుసల పేజీ అందులో వరుసకు 8 మిల్లీమీటర్లకు కుదించుకుపోతుంది. 7.8 అంగుళాలలో పుస్తకమంత, 10.3లో పుస్తకం కన్నా పెద్దగా కనిపిస్తుంది. నలుపు తెలుపు తెర మీద తజ్వీద్ (ఉచ్చారణ నియమాల) రంగులు తెలియవు, బూడిద రంగు తేడాలుగా మిగులుతాయి. ముస్హఫ్ పీడీఎఫ్ వేసుకున్నాక పేజీ కుడి నుంచి ఎడమకు తిరిగేలా సెట్టింగ్ ఉందో లేదో చూడండి, లేకపోతే ప్రతి పేజీకీ చెయ్యి వెనక్కి పోతుంది. ధర కూడా ఎక్కువే.

2000ల్లో గల్ఫ్ నుంచి తెచ్చిన చిన్న తెర, మీటలున్న డిజిటల్ ఖురాన్లు ఇంకా కొన్ని ఇళ్లలో ఉన్నాయి. పనిచేస్తున్నంతకాలం వాడండి, కొత్తగా కొనడానికి కారణం లేదు.

ఏది కొన్నా అది ఉండేది నాగావళి గాలి, సముద్రపు ఉప్పుతేమ కలిసిన మన ఇళ్లలో. ఆగస్టు నుంచి నవంబరు దాకా పెన్నును, స్పీకర్‌ను మూత గట్టిగా పడే డబ్బాలో, మందుల సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగు వేసి పెట్టండి. నెల రోజులు వాడకపోతే సగం చార్జ్‌తో ఉంచాలి, పూర్తిగా ఖాళీ అయిన లిథియం బ్యాటరీ మళ్లీ లేవకపోవచ్చు. పెన్ను మొనను పొడి దూదితోనే తుడవండి, తడి గుడ్డ వద్దు. పెన్ను పుస్తకాన్ని మాత్రం ఆ డబ్బాలో పెట్టొద్దు. దాన్ని జుజ్దాన్‌లో చుట్టి, గోడకు ఆనకుండా, ఇంట్లో మిగతా ముస్హఫ్‌లు ఉండే ఎత్తులోనే ఉంచండి.